ట్రవన్ నార్త్ రిడ్జ్‌లో దారి ఎలా పోల్చుకోవాలి?

ప్రశ్న: మాంచెస్టర్‌లో ఉంటాం. పోయిన నెల ఇద్దరం వేల్స్‌లోని ట్రవన్ కొండకి నార్త్ రిడ్జ్, అంటే ఉత్తరం వైపు కొండ వెన్ను, మీదుగా బయల్దేరాం. కాస్త దూరం కాలిబాట ఉంది, ఆ తర్వాత అన్నీ బండలే. ఎటు చూసినా దారిలాగే అనిపించింది. ఎడమకి జరుగుతూ జరుగుతూ ఒక వెడల్పాటి బాటలో తేలాం. పైకి పోయే దారి కనపడక దిగొచ్చేశాం. మళ్లీ వెళ్లాలనుంది. ఎక్కినవాళ్లు ఎవరైనా చెప్పండన్నా.

జవాబు: దిగి రావడం చాలా మంచి పని తమ్ముడూ. మీరు తేలింది హెదర్ టెర్రస్ మీద. అది తూర్పు ముఖానికి అడ్డంగా పోతుంది. దాని పైనున్నవి తాళ్లతో ఎక్కే గోడలు. అక్కణ్ణుంచి నిటారుగా పైకి పోదామని చూసేవాళ్లే ఇరుక్కుంటారు.

ఈ కొండ 917 మీటర్లే, కానీ గుర్తులు పెట్టిన దారి లేదు. రిడ్జ్ వెన్ను వదలకండి. గోడ అడ్డొస్తే పక్కనుంచి చుట్టి, దాటగానే మళ్లీ వెన్ను మీదికి రండి. రోడ్డు మీంచి కూడా కనిపించే ఫిరంగి లాంటి వాలు రాయి, కానన్ స్టోన్, చేరితే సరిగ్గా వెళ్తున్నట్టే.

ఇంకోటి, బండల్ని దగ్గరగా చూడండి. జనం ఎక్కేచోట అంచులు నున్నగా అరిగి తెల్లబడి ఉంటాయి, బూట్ల గీతలు కనిపిస్తాయి. మన మసాలాలో వేసే రాతిపువ్వు లాంటిది దట్టంగా పట్టి ఉందంటే అటు ఎవరూ పోవట్లేదని. నేను మొదటిసారి ఆ తేడా గమనించక ఒక చీలికలో పది అడుగులు ఎక్కేశాను. కిందికి చూస్తే కాలు పెట్టే చోటు కనపడలేదు, ఒళ్లంతా చెమటలు. అప్పట్నుంచీ దిగలేననిపించిన చోట ఎక్కను.

ప్రశ్న: చినుకులుంటే వెళ్లొచ్చా? దిగేటప్పుడూ ఇదే దారా?

జవాబు: మొదటిసారికి వద్దు. తడిస్తే ఆ రాతిపువ్వే జారుతుంది, మబ్బు దిగితే వెన్ను ఎటుందో తెలియదు. పొడి రోజున, పొద్దున్నే వెళ్లండి. ఈ ప్రాంతపు కాగితం మ్యాప్, ఓఎల్ 17 నంబరుది, దగ్గరుంచుకోండి. శిఖరం మీద ఆడమ్, ఈవ్ అని రెండు నిలువు రాళ్లుంటాయి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతుంటారు, మీరు మాత్రం దూకొద్దు. దిగడం దక్షిణం వైపు బుల్ఖ్ ట్రవన్ కనుమకి, అక్కణ్ణుంచి బోఖ్లుయిడ్ చెరువు మీదుగా ఆగ్వెన్ లోయకి. అదీ రాళ్లదారే, మోకాళ్లకి ఓపిక మిగుల్చుకోండి. ఇరుక్కుంటే కదలకుండా 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి.