అప్‌డేట్: డోర్లు లాక్ చేశాక కూడా సన్నగా వెలిగే ఎల్ఈడీ రూఫ్ లైట్ సమస్య తీరింది

కారు రూఫ్ లైట్‌కి 31 ఎంఎం ఎల్ఈడీ బల్బు వేస్తే, లాక్ చేశాక కూడా రాత్రంతా సన్నగా వెలుగుతోందని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

రెసిస్టర్ (కరెంటును పరిమితం చేసే చిన్న భాగం) పెట్టమన్న వాళ్లే కరెక్ట్. విజయనగరం కోట జంక్షన్ దగ్గర ఆటో ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూస్తే, లైట్ ఆపాక కూడా హోల్డర్‌లో కొద్దిగా కరెంటు వస్తోంది. లైట్‌ని మెల్లగా ఆర్పే సర్క్యూట్ నుంచి లీకేజీ అట. ఫిలమెంట్ బల్బుకి అది చాలదు, ఎల్ఈడీకి చాలు. బల్బుకి ప్యారలల్‌గా (బల్బు రెండు చివరలకీ కలిపి) 1 కిలో ఓమ్, అర వాట్ రెసిస్టర్ సోల్డర్ చేసి, పైన స్లీవ్ తొడిగారు. లీకేజీ కరెంటు ఆ రెసిస్టర్ గుండా పోతుంది కాబట్టి ఇప్పుడు లైట్ పూర్తిగా ఆరిపోతోంది.

డోర్ తీస్తే లైట్ వెలిగించే డోర్ స్విచ్ మార్చడం అనవసరమైన ఖర్చే అయింది. బ్యాటరీ కూడా బాగానే ఉంది, దాని గురించే ఎక్కువ టెన్షన్ పడ్డాను. బల్బు చివరలు అటుదిటు తిప్పి పెట్టమన్న సలహా అసలు వెలగనప్పుడు పనికొస్తుంది, దీనికి కాదు.