ఇతదకిమస్, గొచిసోసమ: తెలుగులో ఏమనాలి?

జపాన్‌లో తినేముందు చేతులు జోడించి అనే "ఇతదకిమస్"ను తెలుగులోకి ఎలా తేవాలని ఇక్కడ ఒకరు అడిగారు కదా, కింద చాలామంది "హాయిగా భోంచేయండి" అని రాశారు. నాకు అది అస్సలు సరిపోలేదు. అది ఎదుటివాళ్ళతో అనే మాట. ఇతదకిమస్ తినేవాళ్ళు తమ తిండి గురించి తామే అనేది, ఒక్కరే కూర్చుని తింటున్నా అంటారు.

"ఇతదకి" అంటే కొండ శిఖరం, నడినెత్తి కూడా. "ఇతదకు" అనే క్రియకు మొదటి అర్థం నెత్తిన పెట్టుకోవడం. పెద్దవాళ్ళు ఇచ్చినదాన్ని తల మీదికి ఎత్తి అందుకుంటారు కాబట్టి వినయంగా పుచ్చుకోవడం అనే అర్థం వచ్చింది, అక్కడి నుంచి వినయంగా తినడం, తాగడం. ఇది వినగానే మనకు తట్టేది "శిరసావహించు". కానీ మనం శిరసావహించేది ఆజ్ఞను. ప్రసాదమైతే కళ్ళకద్దుకుంటాం. హోటల్లో మీల్స్ ముందు ఈ రెండూ అతకవు. బంతి భోజనాల్లో "గోవిందా గోవింద" ఉంది గానీ అది దేవుణ్ణి తలుచుకోవడం.

ఎదుటివాళ్ళు తినడానికైతే మనకు మర్యాద మాటలకు కొదవ లేదు. దేవుడు ఆరగిస్తాడు, వియ్యంకుడుగారిని "కాఫీ పుచ్చుకుంటారా" అంటాం. "నేను ఆరగించాను" అని మాత్రం ఎవరూ అనరు. జపనీస్‌లోనూ "మెషిఅగరు" అనే గౌరవ క్రియ ఇతరులకే. తేడా ఏమిటంటే తన తిండిని వినయంగా చెప్పుకునే క్రియ కూడా వాళ్ళకు రోజువారీ వాడుకలో ఉంది, మనకు "తింటాను" తప్ప లేదు.

ఇక తిన్నాక అనే "గొచిసోసమ" నాకు ఇంకా ఇష్టం. అది వినాలంటే చిన్న ఊళ్ళ తిండి దుకాణాలే సరైన చోటు. షికొకు దీవిలో కగవ అనే ప్రాంతం, పాత పేరు సనుకి, ఉదొన్ అనే లావు గోధుమ నూడుల్స్‌కు పెట్టింది పేరు. అక్కడ కొతొహిర అనే చిన్న ఊళ్ళో కొండ మీది గుడికి 785 మెట్లు ఎక్కాలి. ఆ గుడిని జనం "కొంపిర" అనే పిలుస్తారు, అది మన "కుంభీర" శబ్దమే, మొసలి! బౌద్ధంతో పాటు అంత దూరం వెళ్ళిన గంగ మొసలి దేవత పేరు. ఆ ప్రాంతంలో సెల్ఫ్ సర్వీస్ ఉదొన్ దుకాణాలు చాలా. ట్రే తీసుకుని, చిన్న గిన్నో పెద్ద గిన్నో చెప్పి, కొన్నిచోట్ల నూడుల్స్‌ను మనమే వేణ్ణీళ్ళలో ముంచి వేడి చేసుకుని, పక్కనున్న తెంపుర, అంటే మన బజ్జీల్లాంటివి, ఒకటో రెండో పెట్టుకుని డబ్బు ముందే కట్టేయాలి. (శాకాహారులు చూసుకోండి, ముక్క కనపడకపోయినా నూడుల్స్ మీద పోసే రసం ఎండుచేపలు వేసి కాచిందే.) టిప్పు ఇచ్చే అలవాటు లేదు. తిన్న గిన్నెను తిరిగిచ్చే చోట పెట్టి, లోపల వండేవాళ్ళకు వినపడేలా "గొచిసోసమ" అని బయటికి వస్తారు. డబ్బు లెక్క ఎప్పుడో తీరిపోయింది, అయినా ఆ మాట అనకుండా రారు.

"చిసో" అని రాసే రెండు అక్షరాల్లో ఒకటి గుర్రం దౌడు, రెండోది పరుగు. అతిథికి పెట్టడానికి సరుకుల కోసం అటూ ఇటూ పరిగెత్తడమన్నమాట. ముందున్న "గొ" గౌరవానికి, చివరి "సమ" మన "గారు" లాంటిది. మొత్తం కలిపితే "మాకోసం ఎంత శ్రమపడ్డారండీ" అని. బుద్ధుడికి ఆహారం కోసం ఇదతెన్ అనే దేవుడు పరుగులు తీశాడని ఒక కథ చెబుతారు, జెన్ బౌద్ధ మఠాల్లో వంటశాలకు కాపలా ఆయనే. ఆ ఇదతెన్ మన స్కందుడు, కుమారస్వామి! లోకం చుట్టి రమ్మంటే నెమలెక్కి బయల్దేరినవాడికి అక్కడ కూడా పరుగు పనే అప్పగించారు.

దీనికి "అన్నదాతా సుఖీభవ" ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఇప్పుడు అన్నదాత అంటే రైతు, ప్రభుత్వ పథకం పేరు కూడా అదే. రైతును అలా పిలవడం న్యాయమే, అయితే విస్తరి ముందు కూర్చుని పెట్టినవాళ్ళను చూసి ఆ మాట అనేవాళ్ళు బాగా తగ్గిపోయారు. మెస్సులో తిని, చేయి కడుక్కుని, మహా అయితే "బాగుంది" అంటాం. బాగుంది అనేది రుచి గురించి, వండినవాళ్ళు పడ్డ కష్టం అందులో రాదు, నాకు ఈ లోటు నిజంగా బాధనిపిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సుఖీభవ ఆశీర్వాదం, "నీ కడుపు చల్లగుండ" కూడా ఆశీర్వాదమే, రెండూ పెద్దవాళ్ళ నోట బాగుంటాయి. ఇరవై ఏళ్ళ కుర్రాడు అరవై ఏళ్ళ వంటావిడతో అవి అనలేడు. గొచిసోసమకు ఆ ఇబ్బంది లేదు, చిన్నపిల్లలు కూడా అంటారు.

కాబట్టి కథ అనువదించేవాళ్ళకు నా సలహా, పెద్ద పాత్ర నోట సుఖీభవ పెట్టండి, కుర్ర పాత్రకు "చాలా శ్రమపడ్డారండీ" లాంటిది రాయండి, ఇతదకిమస్‌ను అలాగే ఉంచి చేతులు జోడించడం చూపించండి. మీ ఇళ్ళలో చిన్నవాళ్ళు తిన్నాక పెద్దవాళ్ళతో అనే మాట ఏదైనా ఉంటే మీ జిల్లా పేరుతో సహా కింద రాయండి.