హారియర్ ఈవీ ఇప్పుడే తీసుకోవాలా, ఆగాలా? ఖమ్మంలో సింగిల్ ఫేజ్ ఇల్లు, రోజుకు 60 కి.మీ.

మున్నేటి గట్టు:

టాటా హారియర్ ఈవీ మీద ఇంట్లో రోజూ చర్చే నడుస్తోంది. 2025 జూన్ 3న విడుదల చేశారు, జూలై 2న బుకింగులు తెరిచారు. మేం చూస్తున్నది ఫియర్‌లెస్ ప్లస్ వేరియంట్. 2025లో విడుదలప్పటి ఎక్స్‌షోరూమ్ ధర 65 యూనిట్ల బ్యాటరీ అయితే 23.99 లక్షలు, 75 అయితే 24.99.

మాది ఖమ్మంలో సొంతిల్లు, కారు పోర్టికోలోనే ఉంటుంది. మీటరు సింగిల్ ఫేజ్, లోడ్ 5 కిలోవాట్లు, నెలకు 250 యూనిట్లు కాలుతుంది. డ్యూటీకి రానూపోనూ 60 కి.మీ., నెలలో 26 రోజులు. నెలకు రెండుసార్లు హైదరాబాద్, ఏడాదికోసారి కుటుంబంతో తిరుపతి. కనీసం ఎనిమిదేళ్లు ఉంచుకుంటాం.

అడగాలనుకుంటున్నవి: డీజిల్ బండితో పోలిస్తే నిజంగా ఎంత మిగులుతుంది? షోరూమ్‌లో 7.2 కిలోవాట్ల వాల్ ఛార్జర్‌కు విడిగా 49,000 అంటున్నారు, అది తప్పనిసరా? 65 చాలా, 75 కావాలా? కొత్తగా వచ్చిన మోడల్ కాబట్టి ఓ ఏడాది ఆగితే మంచిదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

చిట్టా పద్దులు:

డబ్బు సంగతి వరకు నేను రాస్తాను. 60 కి.మీ.కు బ్యాటరీలోంచి సుమారు 10 యూనిట్లు పోతాయి. ఛార్జింగ్‌లో పదో వంతు వేడిగా పోతుంది కాబట్టి మీటరు మీద 11 తిరుగుతాయి. నెలకు 290 అనుకోండి. మీ 250కి ఇవి కలిస్తే 540. ఇక్కడ చాలామంది సగటు రేటు వేసి పొరబడతారు. కారు యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబులోనే పడతాయి. 2025-26 రేట్ల ప్రకారం 300 వరకు ఉన్న 50 యూనిట్లకు 7.70 చొప్పున 385, తర్వాతి 100కు 9 చొప్పున 900, మిగతా 140కి 9.50 చొప్పున 1,330. మొత్తం 2,615 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు పక్కన పెడితే కిలోమీటరుకు రూపాయి డెబ్భై పైసలు. డీజిల్ హారియర్ లీటరుకు 14 ఇస్తుందనుకుని, లీటరు 96 వేసుకుంటే కిలోమీటరుకు 6.85. ఒక్క డ్యూటీ తిరుగుడులోనే నెలకు 8,000 తేడా. హైదరాబాద్ ట్రిప్పులకు ఇంట్లో ఫుల్ చేసి బయల్దేరి, బయట 15, 20 యూనిట్లే పెట్టుకుంటే అక్కడ ఇంకో 3,000 పైనే మిగులుతుంది.

బయటి ఫాస్ట్ ఛార్జర్లలో జీఎస్టీతో కలిపి యూనిట్ 20 రూపాయలు దాటడం మామూలే. అంటే హైవే మీద కిలోమీటరుకు 4 రూపాయలు. ఇంట్లో ఛార్జింగ్ వసతి లేనివాళ్లకు ఈ లెక్క మొత్తం మారిపోతుంది. మీకు పోర్టికో ఉంది కాబట్టి నిలుస్తుంది.

అసలు పెద్ద మొత్తం రోడ్ ట్యాక్స్. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. గడువు 2026 డిసెంబరు 31. ఇరవై లక్షలు దాటిన డీజిల్ బండికి లైఫ్ ట్యాక్స్ తక్కువలో తక్కువ 18 శాతం వేసుకున్నా 24.99 లక్షల మీద నాలుగున్నర లక్షలు. ఆగేదైనా ఈ తేదీ దాటకుండా ఆగండి. చూడాల్సింది బుకింగ్ తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ. డెలివరీ జనవరిలోకి జారితే మాఫీ చేజారినట్టే.

ఈవీ లోన్ వడ్డీ మీద లక్షన్నర వరకు ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ఉందని షోరూమ్‌లో ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

ఫేజు-న్యూట్రల్:

వాల్ ఛార్జర్ మీకు మొదటిరోజే అక్కర్లేదు. రోజుకు 11 యూనిట్లే కావాలి. 15 ఆంపియర్ల పాయింట్‌కు పెట్టే చిన్న ఛార్జర్ గంటకు దాదాపు 3 యూనిట్లు లాగుతుంది. రాత్రి పదకొండుకు పెడితే తెల్లవారుజామున మూడింటికల్లా అయిపోతుంది. హైదరాబాద్ నుంచి అడుగంటిన బ్యాటరీతో వచ్చిన రోజు మాత్రం ఫుల్ కావడానికి 65కు 22, 75కు 25 గంటల దాకా పడుతుంది. ఆదివారం తిరిగొచ్చి సోమవారం పొద్దున 60 కి.మీ. వెళ్లాలంటే ఒక్క రాత్రి ఛార్జింగే ఎక్కువ. అందుకే రెండు, మూడు నెలలు దీంతో నడిపి చూసి, చాలకపోతే అప్పుడు పెద్దది పెట్టించండి.

అయితే ఆ 15 ఆంపియర్ల పాయింట్ గీజరు పాయింట్ కాకూడదు. గీజరు పదిహేను నిమిషాల్లో ఆగిపోతుంది. కారు నాలుగైదు గంటలు, ఒక్కోసారి రాత్రంతా 13, 14 ఆంపియర్లు ఆగకుండా లాగుతూనే ఉంటుంది. సాకెట్ లోపలి పిన్నుల పట్టు కాస్త వదులైనా అక్కడ వేడెక్కి, ముందు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది, చివరికి ప్లగ్గుకు అతుక్కుపోతుంది. ఛార్జర్ ప్లగ్గుకు సరిపోయే గట్టి ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. మొదటి వారం ఛార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే వెంటనే ఆపి స్క్రూలు బిగించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇన్వర్టరు లైనుకూ కలపొద్దు.

వైరు ఇప్పుడే పెద్ద ఛార్జర్‌కు సరిపడా లాగించండి, రేపు గోడ మళ్లీ పగలగొట్టక్కర్లేదు. మీటరు బోర్డు నుంచి పోర్టికోకు 20 మీటర్ల లోపైతే 6 చదరపు మి.మీ. రాగి తీగ, 30 దాటితే 10. దానికి విడిగా డబుల్ పోల్ ఎంసీబీ (15 ఆంపియర్ల సాకెట్ ఉన్నన్నాళ్లు 16 ఆంపియర్లది, పెద్ద ఛార్జర్ పెట్టాక 40ది), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కొట్టేసే స్విచ్). ఆర్‌సీసీబీ మీద ‘టైప్ ఏ’ అని ఉందో లేదో చదివి కొనండి. షాపుల్లో చేతికిచ్చేది ఎక్కువగా ‘టైప్ ఏసీ’. కారు ఛార్జర్ నుంచి డీసీ లీకేజీ కలిస్తే అది సరిగ్గా ట్రిప్ కాదు.

ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే కారు ఛార్జింగే తీసుకోదు, లేదా అర్ధరాత్రి ఆగిపోతుంది. కారులో లోపమని సర్వీసు సెంటరు చుట్టూ తిరుగుతారు, తీరా చూస్తే గొయ్యి ఎండిపోయి ఉంటుంది. విడిగా ఒక ఎర్త్ పిట్ తీయించండి. ఎలక్ట్రీషియన్‌తో రెండు కొలతలు అడిగి తీయించుకోండి: ఎర్త్ రెసిస్టెన్స్ 5 ఓమ్‌ల లోపు, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య వోల్టేజి 2, 3 వోల్టుల లోపు. రెండోది ఇంట్లో ఏసీ, మోటారు నడుస్తున్నప్పుడే కొలవాలి. ఎండాకాలం వారానికోసారి పిట్‌లో రెండు బిందెల నీళ్లు పోయండి.

7.2 కిలోవాట్ల ఛార్జర్ పెడితే అదొక్కటే 32 ఆంపియర్లు. మీ 5 కిలోవాట్ల లోడ్ చాలదు. డిస్కం ఏఈ ఆఫీసులో లోడ్ పెంపుకు దరఖాస్తు చేయాలి, మామూలుగా త్రీఫేజ్ ఇస్తారు. త్రీఫేజ్ వచ్చాక కూడా ఈ ఛార్జర్ ఒక్క ఫేజు మీదే కూర్చుంటుంది. ఏసీలు, గీజరు మిగతా రెండు ఫేజుల మీదికి మార్పించండి, లేకపోతే ఆ ఫేజులో ఫ్యూజు కొట్టేస్తూ ఉంటుంది.

ఇంకో మాట. మీ పేరులోనే మున్నేరు ఉంది కాబట్టి రాస్తున్నా. 2024 సెప్టెంబరు వరద చూసిన ఊరు అది. సాకెట్‌ను మామూలు ఎత్తులో పెట్టొద్దు. మీ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ గుర్తుకు అడుగు పైన పెట్టించండి. బ్యాటరీకి ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం, రాత్రంతా మునిగి ఉన్నా ఏమీ కాదని కాదు. మునిగిన బండిని ఆన్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి. ఇన్సూరెన్సులో జీరో డెప్రిసియేషన్‌తో (విడిభాగాల విలువ తగ్గించకుండా ఇచ్చే కవర్) ఆగకుండా, బ్యాటరీకి, మోటారుకు నీటి నష్టం కవర్ అవుతుందో లేదో పాలసీ కాగితంలోనే చూపించమనండి.

తొంభై దాటను:

75 తీసుకోండి. లక్షకు 10 యూనిట్లు ఎక్కువ రావడం మంచి బేరం. కంపెనీ చెప్పే 538, 627 కి.మీ. పరీక్షశాల అంకెలు, వాటిని పక్కన పెట్టండి. నాలుగు లేన్ల రోడ్డు మీద ఏసీ వేసుకుని గంటకు 100తో వెళ్తే యూనిట్‌కు 5.5 కి.మీ. లెక్క పెట్టుకోండి. 120 పట్టిస్తే 4.5కు పడిపోతుంది, ఎందుకంటే గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది (వేగం రెట్టింపైతే నాలుగు రెట్లు). 90తో పోతే 6 దాటుతుంది.

సూర్యాపేట మీదుగా హైదరాబాద్ రానూపోనూ 400, సిటీలో తిరుగుడు 40. అడుగున 10 శాతం ఉంచుకుంటే 75 బ్యాటరీ 370 కి.మీ. ఇస్తుంది, 65 అయితే 320. అంటే మధ్యలో ఒకదానికి 13 యూనిట్లు, ఇంకోదానికి 22. 30 కిలోవాట్ల ఛార్జర్ మీద దాదాపు అరగంట, ముప్పావుగంట. ఇందుకోసమైతే 65 చాలు.

తేడా తెలిసేది తిరుపతి దారిలో. దాదాపు 500 కి.మీ. 75తో ఫుల్‌గా బయల్దేరితే ఒంగోలుకు 35 శాతంతో చేరతారు. అక్కడ భోజనం చేసేలోపు 80కి ఎక్కించుకుంటే తిరుపతికి 20 శాతం దగ్గర దిగుతారు. 65తో ఒంగోలులో 25, 80కి ఎక్కించినా తిరుపతిలో 10 శాతమే మిగులుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న బండిలో అంత కింద దాకా నడపకూడదు, కాబట్టి నెల్లూరులో రెండోసారి ఆగాల్సిందే.

బండికి 120 కిలోవాట్ల స్పీడు తీసుకునే శక్తి ఉందని బ్రోచర్లో ఉంటుంది. రోడ్డు మీద దొరికేవి ఎక్కువగా 30, 60. అందులోనూ 60 కిలోవాట్ల ఛార్జర్‌కు రెండు గన్నులు (కారుకు గుచ్చే ప్లగ్గులు) ఉంటే, పక్కన ఇంకో కారు పెట్టగానే చెరి 30 అయిపోతుంది. యాప్‌లో ‘అందుబాటులో ఉంది’ అన్న ఆకుపచ్చ గుర్తును నమ్మకండి. చివరిసారి ఎప్పుడు ఛార్జింగ్ జరిగిందో చూడండి. నిన్న, ఇవాళ ఎవరో వాడి ఉంటే పనిచేస్తున్నట్టు. వారం నుంచి ఎవరూ వాడకపోతే అక్కడికి వెళ్లకండి. వేర్వేరు కంపెనీల యాప్‌లు మూడైనా పెట్టుకుని, ఒక్కోదాని వాలెట్‌లో 500 ముందే వేసుకోండి. సిగ్నల్ సరిగా లేనిచోట పేమెంటు దగ్గరే ఆగిపోతారు.

కొండ గురించి కొంచెం. మనుషులతో కలిపి రెండున్నర టన్నుల బండిని 700 మీటర్లు ఎత్తడానికే 5 యూనిట్లు కావాలి, దూరానికి ఇంకో మూడు. అలిపిరి దగ్గర కనీసం 25 శాతం ఉండేలా చూసుకుని, కింద తిరుపతిలోనే రాత్రి ఛార్జ్ పెట్టుకుని ఎక్కండి. దిగేటప్పుడు రెండు యూనిట్ల వరకు తిరిగి వస్తాయి. పైన 100 శాతం చేసుకుని మాత్రం దిగొద్దు. నిండిన బ్యాటరీ ఇంక తీసుకోదు, రీజెన్ (మోటారే బండిని నెమ్మదింపజేస్తూ కరెంటు తిరిగి నింపడం) పట్టు ఉండదు, భారమంతా బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది.

కొత్త బండి పాత చూపు:

పై ముగ్గురు చెప్పినదానితో నాకూ పేచీ లేదు, ఒక్క ‘ఇప్పుడే’ తప్ప. ఆరేడు నెలలు ఆగండి. ఏ కంపెనీ కొత్త ఈవీ అయినా మొదట్లో తేడా చేసేది బ్యాటరీ, మోటారు కాదు, సాఫ్ట్‌వేర్. స్క్రీన్ బిగుసుకుపోవడం, తాళాన్ని గుర్తుపట్టకపోవడం, ఆఫ్ చేశాక కూడా లోపల ఏదో కంప్యూటర్ మేలుకొని ఉండి 12 వోల్టుల చిన్న బ్యాటరీని పీల్చేయడం. ఆ చిన్నది పడుకుంటే పెద్ద బ్యాటరీలో 80 శాతం ఉన్నా బండి లేవదు, ఎందుకంటే పెద్దదాన్ని కలిపే స్విచ్‌కు కరెంటు ఇచ్చేది చిన్నదే. ఇవి అప్‌డేట్లతో సర్దుకుంటాయి, కానీ టైం పడుతుంది. ట్యాక్స్ మాఫీ గడువు 2026 డిసెంబరు 31 కాబట్టి, ఆలోపు రిజిస్ట్రేషన్ అయ్యేలా ఆగితే మీకు పోయేదేమీ లేదు.

ఈలోపు మీ ఊరి సర్వీసు సెంటరుకు వెళ్లి రెండు అడగండి: హైవోల్టేజి పనికి శిక్షణ ఉన్న మెకానిక్ ఇక్కడ ఉన్నాడా, బ్యాటరీ కిందికి దించే లిఫ్ట్ ఇక్కడ ఉందా, లేక బండి హైదరాబాద్ పంపాలా? ఆ జవాబును బట్టే నిర్ణయం తీసుకోవాలని నా అభిప్రాయం.

బ్యాటరీకి ‘లైఫ్‌టైమ్’ వారంటీ అంటే మొదటి యజమానికి, రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు. పేరు మారితే అది అలాగే కొనసాగదు. అందుకే రేపు కొడుకు పేరుకు మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడే అతని పేరున తీసుకోండి. డెలివరీ రోజు ఏసీ (స్లో), డీసీ (ఫాస్ట్) రెండు ఛార్జింగులూ షోరూమ్‌లోనే పెట్టి చూపించమనండి. ‘స్లో చూశాం కదా సార్’ అంటారు, ఒప్పుకోవద్దు. డీసీ పోర్టులో తేడా ఉంటే మీకు తెలిసేది ఒంగోలులోనే.

మున్నేటి గట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. 75 ఖాయం చేసుకున్నాం, బుకింగ్ 2026 వేసవి దాటాక. వైరింగ్ ఇప్పుడే చేయిస్తున్నాం. ఒక సందేహం: మీటరు నుంచి పోర్టికోకు 18 మీటర్లు. బోరు మోటారు లైను కూడా అదే పైపులో పోతోంది. అందులోనే లాగొచ్చా? ఇంకోటి, రోజూ 80 దగ్గర ఆపాలా?

ఫేజు-న్యూట్రల్:

18 మీటర్లకు 6 చదరపు మి.మీ. సరిపోతుంది. పైపు మాత్రం వేరేది వేయండి. రెండు లోడ్లు ఒకే పైపులో గంటలకొద్దీ నడిస్తే వేడి బయటికి పోక తీగ మీది తొడుగు మెత్తబడుతుంది. 25 మి.మీ. పైపు విడిగా, మలుపుల దగ్గర ఎల్బో కాకుండా బెండు, మధ్యలో జాయింటు లేకుండా ఒకే తీగ. ఛార్జింగ్ సంగతి: ఇది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ. దీని వోల్టేజి 20 నుంచి 90 శాతం దాకా దాదాపు ఒకేలా ఉంటుంది, అందుకే మధ్యలో ఎంత ఉందో కంప్యూటర్‌కు సరిగా అందదు. రోజూ 80 దగ్గర ఆపండి, వారానికోసారి 100 దాకా పోనివ్వండి. లేకపోతే 15 చూపిస్తూనే ఒక్కసారిగా 6కు పడిపోవచ్చు. మీకైతే హైదరాబాద్ వెళ్లే ముందురోజు రాత్రి ఆ పని ఎలాగూ అయిపోతుంది, మిగతా వారాల్లో శనివారం రాత్రి పెట్టుకోండి.