దూరదూరాల్లో ఉన్న నలుగురం ఫోన్లో ఆడుకోవాలంటే ఏ బోర్డ్ గేమ్ బాగుంటుంది?

పడమటి కిటికీ:

అందరికీ నమస్తే. మేం నలుగురం వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. మూడో సంవత్సరంలో ఒకమ్మాయి వాళ్ళ అన్నయ్య బెంగళూరు నుంచి కాటాన్ అనే బోర్డ్ గేమ్ పెట్టె తెచ్చిచ్చాడు. ఇక అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో అన్నం తినడం, గదికొచ్చి మంచాలు పక్కకు జరపడం, నేలమీద బోర్డు పరచడం. సాయంత్రం టీ వచ్చేదాకా లేచేవాళ్ళం కాదు.

ఇప్పుడు నేను హనుమకొండలో ఉన్నాను. ఒకామె హైదరాబాద్‌లో నైట్ షిఫ్టు చేస్తుంది, ఒకామె విశాఖలో ఇద్దరు చిన్నపిల్లలతో ఉంది, ఇంకొకామె డల్లాస్‌లో ఉంది. మళ్ళీ ఆడదామని అందరం ఫోన్లో కాటాన్ దించుకున్నాం. కుదరడం లేదు. డల్లాస్‌కీ మనకూ ఎండాకాలంలో పదిన్నర గంటలు తేడా, చలికాలంలో పదకొండున్నర. నలుగురం ఒకే గంటలో ఖాళీగా ఉండటం గగనమైపోయింది.

ఒకవేళ కుదిరినా పాత మజా రావడం లేదు. హాస్టల్లో "నాకో గొర్రె ఇవ్వవే, ఇటుక ఇస్తా, నీ వైపు రోడ్డు కూడా వెయ్యను" అని బేరాలాడుకునేవాళ్ళం. ఫోన్లో గొర్రె బొమ్మ నొక్కాలి, ఇటుక బొమ్మ నొక్కాలి, అవతలివాళ్ళు వద్దని నొక్కితే అంతే. పైగా ఆ పాచికల మీద మా అందరికీ అనుమానమే. ఏడు మరీ ఎక్కువగా పడుతోంది.

నలుగురు ఒకేసారి కూర్చోకపోయినా ఆడగలిగే ఆటలు ఉన్నాయా? లూడో, క్యారమ్స్ కాకుండా కాస్త బుర్ర పెట్టాల్సినవి కావాలి. డబ్బు పెట్టి కొనడం దండగేమో అది కూడా చెప్పండి.

తెనాలి ప్యాసింజర్:

అమ్మా, మీరు హాస్టల్లో ఆడింది కాటానే, కానీ మీకు అంతగా నచ్చింది బేరం. 1995లో క్లౌస్ టోయ్‌బర్ ఆ ఆటను కట్టిందే బేరం చుట్టూ. ఇటుక, కలప, ఉన్ని (అదే మీ గొర్రె), ధాన్యం, ఖనిజం, ఈ ఐదూ ఏ ఒక్కరి దగ్గరా సరిపడా ఉండవు. కాబట్టి అడగాలి, బతిమాలాలి, బెదిరించాలి. ఆ మాటలన్నీ తీసేసి బొమ్మలు నొక్కమంటే సగం ఆట పోయినట్టే. యాప్ ఎంత బాగా చేసినా ఆ లోటు తీరదు.

నేను రోజూ తెనాలి నుంచి విజయవాడకు రైల్లో వెళ్ళొస్తాను. కృష్ణా కెనాల్ దగ్గర బండి ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో తెలియదు. నా ఆటలన్నీ ఆ సీట్లోనే. అందుకని ఏ ఆటనైనా ఫోన్లోకి తెచ్చుకునే ముందు ఒకటే చూస్తాను: నా వంతు నడుస్తుండగా మధ్యలో ఎదుటివాళ్ళను ఏమైనా అడగాల్సి వస్తుందా?

కాటాన్‌లో అడుగడుగునా వస్తుంది. సరుకు మార్చుకుందామంటే వాళ్ళు ఒప్పుకోవాలి. ఏడు పడితే, చేతిలో ఏడుకు మించి కార్డులున్న ప్రతివాళ్ళూ సగం వదులుకోవాలి, ఏవి వదలాలో వాళ్ళే ఎంచుకోవాలి. అంటే డల్లాస్ ఆవిడ నిద్ర లేచేదాకా మీ వంతు పూర్తికాదు. అలాంటి ఆటను రోజులతరబడి సాగదీస్తే ప్రాణం విసిగిపోతుంది.

కార్కసోన్ చూడండి. క్లౌస్ యుర్గెన్ వ్రేడే చేసిన ఆట, 2000లో వచ్చింది, మరుసటి ఏడాది జర్మనీలో ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగా బహుమతి కూడా వచ్చింది. పేరు ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న కోట ఊరిది. ఒక పలక తీస్తారు, దానిమీద రోడ్డు ముక్కో కోటగోడ ముక్కో పొలమో ఉంటుంది. ఉన్న పలకల పక్కన అంచులు కలిసేలా పెడతారు, కావాలంటే దానిమీద మీ మనిషి బొమ్మను నిలబెడతారు. అంతే, మీ వంతు అయిపోయింది. మధ్యలో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. మొత్తం 72 పలకలు. మొదటిది ముందే పరిచి ఉంటుంది, మిగిలిన 71 నలుగురికీ పంచుకుంటే తలా పదిహేడో పద్ధెనిమిదో వంతులు. రోజుకొక చుట్టు తిరిగినా రెండున్నర వారాల్లో ఆట తేలిపోతుంది.

ఇది చూడటానికి సాధువుగా ఉంటుంది గానీ లోపల చాలా కుట్ర ఉంది. మీ స్నేహితురాలు కష్టపడి కట్టుకుంటున్న కోట పక్కనే మీరో చిన్న ముక్క మొదలుపెట్టి, మూడు వంతుల తర్వాత రెండూ కలిపేసి ఆవిడతో సమానంగా పాయింట్లు లాక్కోవచ్చు. లేదా ఆవిడ కోటను మూసే పలక పట్టకుండా చుట్టుపక్కల ఖాళీని పాడుచేయొచ్చు. మీ హాస్టల్ బ్యాచ్‌కు ఇది సరిగ్గా సరిపోతుందని నాకు గట్టి నమ్మకం.

టికెట్ టు రైడ్ అనే రైలు దారుల ఆట కూడా ఇదే రకం. 2004లో వచ్చింది. కార్డులు తీసుకోవడమో, దారి వేసుకోవడమో, కొత్త టికెట్లు (ఏ రెండు ఊళ్ళు కలపాలో చెప్పే కార్డులు) తీసుకోవడమో, వంతుకు ఒకటే పని, అర నిమిషం పట్టదు. ఒక రైలుపెట్టె పట్టే దారికి ఒక పాయింటే, ఆరు పెట్టెల దారికి పదిహేను. ఎందుకంత తేడా పెట్టారో రెండు ఆటలు ఆడితే అర్థమవుతుంది. పొడవు దారికి కార్డులు కూడబెడుతూ కూర్చుంటే ఇవతల చిన్న దారులు ఎవరో వేసేసుకుంటారు.

అట్ట పెట్టెలో కంటే ఫోన్లోనే బాగుందని నేను ధైర్యంగా చెప్పే ఆట మాత్రం త్రూ ది ఏజెస్. చెక్ దేశపు వ్లాదా ఖ్వాటిల్ 2006లో చేశాడు, 2015లో దిద్ది కొత్త కూర్పు తెచ్చాడు, 2017లో యాప్ వచ్చింది. పురాతన కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా ఒక నాగరికతను నడపాలి. బల్లమీద ఆడితే ప్రతి వంతు చివరా తిండి లెక్క, ఖనిజం లెక్క, వృథా లెక్క, జనాభాకు పసుపు బిళ్ళలు, సరుకుకు నీలం బిళ్ళలు జరుపుతూ ఉండాలి. నలుగురు కూర్చుంటే మధ్యాహ్నమంతా అందులోనే పోతుంది. ఒక బిళ్ళ జరపడం మరిచిపోతే వెనక్కి వెళ్ళి సరిచేసుకోవడం ఇంకో తలనొప్పి. ఫోన్లో ఆ లెక్కంతా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది, మనకు ఆలోచన ఒక్కటే మిగులుతుంది. నేర్పే పాఠాలు కూడా అందులోనే ఉన్నాయి, ఖ్వాటిల్ బొమ్మ తెరమీదకొచ్చి దగ్గరుండి చెబుతుంది. ఇంత ఓపికగా నేర్పే యాప్ నేను వేరే చూడలేదు.

ఇందులో తాజ్ మహల్ కట్టొచ్చు. చివరి యుగంలో గాంధీ కూడా నాయకుడిగా వస్తాడు. ఆయన ఉంటే మీరు ఎవరిమీదా దాడి చేయకూడదు, కానీ మీమీదికి వచ్చేవాళ్ళకు దాడికి రెట్టింపు ఖర్చు. ఒక చిన్న కార్డులో ఆ మనిషిని అంత బాగా పట్టుకున్నందుకు నాకు ఈ ఆటంటే మరింత గౌరవం. అయితే మీరు దీంతో మొదలుపెట్టకండి. సైన్యాన్ని నిర్లక్ష్యం చేసిన కొత్తవాళ్ళను ఇది దారుణంగా చితక్కొడుతుంది. పైగా దాడి జరిగినప్పుడూ, కొత్త భూభాగానికి వేలం పెట్టినప్పుడూ వేరేవాళ్ళ జవాబు కోసం ఆగాలి.

కొనడం గురించి: ముందు పైసా పెట్టకండి. బోర్డ్ గేమ్ అరీనా అని 2010 నుంచి నడుస్తున్న సైట్ ఉంది, ఫోన్ బ్రౌజర్‌లోనే ఆడొచ్చు. కొన్ని ఆటలకు బల్ల తెరిచేవాళ్ళు, అంటే ఆట మొదలుపెట్టేవాళ్ళు, చందా కట్టి ఉండాలి, మిగతా ముగ్గురూ ఉచితంగా కూర్చోవచ్చు. బాగా అలవాటయ్యాక యాప్ కొనుక్కోండి. కొన్న యాప్ కూడా శాశ్వతం కాదని గుర్తుంచుకోండి. పాండమిక్ ఆట యాప్‌ను 2022లో స్టోర్ల నుంచి తీసేశారు, కొత్తగా కొందామన్నా దొరకదు. అట్ట పెట్టె అయితే అటకమీదైనా ఉంటుంది.

నూజివీడు రసం:

పాచికల సంగతి నేను చెబుతాను. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడతాయి. అందులో ఆరు రకాలు ఏడే. అంటే ఆరుసార్లకు సగటున ఒకసారి. అరవైసార్లు వేసిన ఆటలో పది ఏడులు పడితే వింతేమీ కాదు, పద్నాలుగు పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆరుకూ ఎనిమిదికీ చెరో ఐదు రకాలే. ఎదురుగా కూర్చుని వేసినప్పుడు ఏడు పడితే వేసినవాళ్ళ చేతిని తిట్టుకుంటాం. ఫోన్లో తిట్టడానికి మనిషి లేడు, అందుకని యాప్ మీద అనుమానం వస్తుంది. నమ్మకం కుదరకపోతే నాలుగైదు ఆటల్లో పడ్డవన్నీ కాగితం మీద రాసి చూడండి.

పై ఆయన చెప్పిందాంతో ఒక్కచోట ఒప్పుకోలేను. ఫోన్లో కాటాన్ పూర్తిగా వదిలేయక్కర్లేదు. మా అన్నదమ్ములం పండక్కి కలవలేనప్పుడు వాట్సాప్ గ్రూప్ కాల్ పెట్టుకుని, స్పీకర్ ఆన్ చేసి ఆడతాం. బేరం నోటితో, బొమ్మలు నొక్కడం చివర్లో. అరుపులూ అలకలూ అన్నీ వస్తాయి. రోజూ కుదరదు, నిజమే. సంక్రాంతికో దసరాకో ఒక్కసారి అందరూ టైము చూసుకుంటే చాలు.

మూడు పులులు:

బయటి ఆటల గురించి ఇంత చెప్పారు, మన పులి మేక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇది ఇద్దరి ఆట, నలుగురికి పనికిరాదు. మీలో ఇద్దరికే ఖాళీ దొరికిన రోజుకు మాత్రం చక్కగా సరిపోతుంది.

మా నాన్నగారు పాలకొల్లులో అరుగుమీద సుద్దముక్కతో గీసి నేర్పారు. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. మేకల్ని ఒక్కొక్కటే పెట్టాలి, పదిహేనూ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటినుంచీ తిరుగుతుంది, మేక వెనక చోటు ఖాళీగా ఉంటే దాటి తినేస్తుంది. పులులు కదలకుండా బిగిస్తే మేకలది గెలుపు. ఇంతకంటే నిబంధనలు లేవు, అయినా ఎంత ఆడినా తరగని ఆట.

ఇప్పుడు మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. వాడికి ఫోన్లో నేర్పుతున్నాను. యాప్ దించేముందు రెండు సంగతులు చూడండి. పులులూ మేకలూ అని రాసి ఉన్నవన్నీ మన ఆట కాదు. చాలావాటిలో నేపాల్ వాళ్ళ బాఘ్ చాల్ ఉంటుంది. దాంట్లో నాలుగు పులులు, ఇరవై మేకలు, చదరపు పటం మీద 25 చోట్లు. అదీ మంచి ఆటే, ఎత్తులు మాత్రం వేరు. మన త్రికోణం పటం ఉందో లేదో బొమ్మల్లో చూసుకుని దించుకోండి.

రెండోది నాకు చాలా ముఖ్యం. కొన్ని యాప్‌లు ఏ మేక ప్రమాదంలో ఉందో రంగు వేసి చూపిస్తాయి. సెట్టింగ్స్‌లో అది ఆపేయండి. ఈ ఆటలో నేర్చుకోవాల్సిందే అది. వెనక ఏ చోటు ఖాళీగా ఉందో, ఏ గీత మీదుగా పులి దూకగలదో పిల్లవాడు తన కళ్ళతో వెతకాలి. మేకలు ఆడేవాళ్ళు మొదట, వెనక దారి లేని మూలలు నింపుకోవాలని, అక్కడ పెట్టిన మేకను పులి దాటలేదని వాడే కనిపెట్టాడు. ఆ రోజు వాడికంటే నాకే ఎక్కువ సంతోషం కలిగింది. ఫోన్ రంగు వేసి చూపించి ఉంటే వాడు అంతసేపు పటం వైపు చూసేవాడే కాదు.

దూరంగా ఉన్నవాళ్ళతో ఆడటానికి యాప్ దొరక్కపోయినా బాధ లేదు. ఇద్దరూ ఒకే పటం కాగితం మీద గీసుకుని, చోట్లకు 1 నుంచి 23 దాకా అంకెలు వేసుకుని, ఎత్తును మెసేజ్‌లో పంపుకోవచ్చు. మేమూ నాన్నగారూ అలాగే ఆడుతున్నాం. ఆయనకు స్మార్ట్‌ఫోన్ అలవాటు లేదు, మామూలు మెసేజే పంపుతారు.

పడమటి కిటికీ:

అందరికీ చాలా థాంక్స్. తెనాలి ప్యాసింజర్ గారూ, మా వాళ్ళకు చూపించాను, కార్కసోన్‌తో మొదలుపెడదామన్నారు. రెండు సందేహాలు మిగిలాయి. విశాఖ ఆవిడ పిల్లలకు జ్వరమొస్తే రెండు రోజులు ఫోన్ ముట్టదు, అప్పుడు ఆమె ఆట పోతుందా? హైదరాబాద్ ఆమెకేమో ఏ యాప్ నోటిఫికేషనూ టైముకు రాదు, తన వంతు వచ్చిందని సాయంత్రానికి గానీ తెలియదు. నూజివీడు రసం గారూ, దసరాకు కాల్ పెట్టుకుని కాటాన్ ఆడాలని కూడా అనుకున్నాం.

తెనాలి ప్యాసింజర్:

బోర్డ్ గేమ్ అరీనాలో బల్ల తెరిచేటప్పుడే వేగం ఎంచుకోమంటుంది. అక్కడ వంతుల పద్ధతి తీసుకుని, ఒక ఎత్తుకు రెండు రోజులు ఇచ్చేది పెట్టుకోండి. రోజుకు రెండు ఎత్తులనేది పెట్టుకుంటే విశాఖ ఆవిడకు ఆట టెన్షన్ అయిపోతుంది, మానేస్తుంది. మీరు ముగ్గురూ తొందరపడేవాళ్ళయితే పక్కన ముగ్గురికి ఇంకో బల్ల తెరుచుకోండి, ఆవిడ ఉన్న బల్లను మాత్రం నెమ్మదిగానే నడవనివ్వండి. మొదటి ఆటలో పొలాల్లో మనుషుల్ని పడుకోబెట్టకూడదని నలుగురూ ఒప్పుకోండి. పొలం పాయింట్లు చివర్లో, ఆ పొలానికి తగిలే పూర్తయిన కోటల్ని బట్టి వస్తాయి. కొత్తవాళ్ళను ఎక్కువగా గందరగోళపెట్టేది అదే.

నోటిఫికేషన్ రాకపోవడం చాలావరకు ఫోన్ పనే. బ్యాటరీ మిగల్చడానికి వాడని యాప్‌లను ఫోన్ నిద్రపుచ్చుతుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర పరిమితి లేదన్నది ఎంచుకోమనండి. బ్రౌజర్‌లో ఆడితే బ్రౌజర్‌కే అలా చేయాలి, సైట్ నుంచి ఈమెయిల్ కూడా వచ్చేలా పెట్టుకోవాలి. అప్పటికీ రాకపోతే వంతు వేసినవాళ్ళు మీ వాట్సాప్ గ్రూపులో తర్వాతివాళ్ళ పేరు రాసేయండి. మా బ్యాచ్ ఇప్పటికీ అదే చేస్తుంది.