రిజాల్ నవలలను తప్పనిసరి పాఠ్యం చేసిన ఫిలిప్పీన్స్ చట్టం: బిషప్పులు వద్దన్న పుస్తకాన్ని ప్రభుత్వం చదివించవచ్చునా?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు

మా అక్కగారి అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో, వైద్యవిద్యకు ముందు పూర్తిచేయవలసిన బి.ఎస్. కోర్సు చదువుతోంది. జీవశాస్త్రం, రసాయనశాస్త్రాలతో పాటు ఆ దేశపు జాతీయ వీరుడు, నవలాకారుడు హోసే రిజాల్ జీవితం, రచనలు అనే సబ్జెక్టులో కూడా ఉత్తీర్ణత సాధించాలని, అది కాలేజీ సొంతంగా పెట్టుకున్న నియమం కాదని, 1956లో అక్కడి చట్టసభ చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు విద్యాసంస్థలన్నీ దానిని బోధించి తీరాలని చెప్పింది.

ఆ చట్టం గురించి చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. ఆ దేశంలో అత్యధికులు కేథలిక్కులు. చట్టం బిల్లుగా ఉన్నప్పుడే అక్కడి బిషప్పులు, రిజాల్ నవలల్లో తమ విశ్వాసాన్ని దెబ్బతీసే భాగాలున్నాయని బహిరంగంగా ప్రకటించారు. అయినా చట్టం వచ్చింది, నేటికీ అమలులో ఉంది. ప్రజల్లో అధికభాగం గౌరవించే మతపెద్దలు వద్దన్న పుస్తకాన్ని, ఆ ప్రజల పిల్లలచేతనే చదివించే హక్కు ప్రభుత్వానికి ఎలా వచ్చింది? తన మనస్సాక్షి ఒప్పుకోవడం లేదని నిజాయితీగా చెప్పే విద్యార్థికి ఆ చట్టంలో చోటుందా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1: ఆసియా చరిత్ర పాఠకురాలు

ఉపాధ్యాయులవారికి నమస్కారం. ఈ వివాదాన్ని కేవలం ప్రభుత్వానికీ చర్చికీ మధ్య జరిగిన బలపరీక్షగా చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. ముందుగా ఆ పుస్తకాల్లో ఏముందో చెబుతాను.

రిజాల్ 1861లో లగూనా రాష్ట్రంలోని కలాంబాలో పుట్టారు. మనీలాలో జెసూట్ అనే కేథలిక్ మఠానికి చెందిన గురువుల దగ్గర చదువుకుని, తరువాత యూరప్ వెళ్లి కంటివైద్యం నేర్చుకున్నారు. స్పానిష్ భాషలో రాసిన మొదటి నవల ‘నోలి మే తాంగెరె’ 1887లో బెర్లిన్‌లోనూ, దాని కొనసాగింపయిన ‘ఎల్ ఫిలిబుస్తెరిస్మో’ 1891లో బెల్జియంలోని ఘెంట్‌లోనూ అచ్చయ్యాయి. మొదటి నవల మనీలాకు చేరగానే సాంతో తోమాస్ విశ్వవిద్యాలయపు మతాచార్యులు దానిని మతవిరుద్ధమని నిర్ధారించారు, సెన్సారు సంఘం నిషేధించమని సిఫారసు చేసింది. 1896 డిసెంబరు 30న స్పానిష్ ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపి, మనీలాలోని బాగుంబాయన్ మైదానంలో రిజాల్‌ను కాల్చిచంపింది. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు.

‘నోలి’లో కథానాయకుడు ఇబార్రా ఏడేళ్ల తరువాత యూరప్ నుంచి ఇంటికి వస్తాడు. జైల్లో మరణించిన తండ్రి సమాధిని చూడాలని శ్మశానానికి వెళితే, అక్కడ సమాధి ఉండదు. చర్చి పెద్ద ఆజ్ఞ మేరకు శవాన్ని తవ్వితీసి చీనావాళ్ల శ్మశానానికి మోసుకుపోతుండగా వాన పట్టుకుందని, బరువు మోయలేక చెరువులో పడేశామని కాటికాపరి చెబుతాడు. అతని గొంతులో పశ్చాత్తాపం గాని, భయం గాని ఉండవు. చెప్పిన పని చేశాడు, అంతే. ఒక వలస సమాజం మనిషిని ఏ స్థితికి తెస్తుందో ఆ సంభాషణ చూపినంతగా ఏ చరిత్ర పుస్తకమూ చూపలేదని నా అభిప్రాయం.

ఇక చట్టం సంగతి. 1956 నాటికి ఫిలిప్పీన్స్ స్వతంత్ర దేశమై పదేళ్లయింది. 300 ఏళ్లకు పైగా స్పెయిన్ కింద, ఆ తరువాత అమెరికా కింద బతికిన దేశం తన పిల్లలకు తన కథ ఏమని చెప్పుకోవాలన్న ప్రశ్న అప్పుడు చాలా తీవ్రంగా ఉండేది. సెనేటర్ క్లారో రెక్తో రూపొందించిన బిల్లును, విద్యా సంఘం అధ్యక్షుడు హోసే లారెల్ ఏప్రిల్‌లో సెనేట్ ముందుంచారు. రెండు నవలలనూ కత్తిరింపులు లేకుండా చదివించాలన్నది అందులోని కీలకమైన షరతు. గొడవంతా ఈ షరతు మీదనే జరిగింది. ఎంపిక చేసిన భాగాలు మాత్రమే బోధిస్తామని ఉంటే ఇంత వ్యతిరేకత వచ్చేది కాదు, కాని అప్పుడు ఆ చట్టానికి అర్థమూ ఉండేది కాదు.

సెనేట్‌లో ముగ్గురు గట్టిగా అడ్డుపడ్డారు. మరియానో కుయెంకో సోదరుడు హారో ఆర్చిబిషప్పు. దెకొరోసో రొసాలెస్ సోదరుడు సెబూ ఆర్చిబిషప్పు. మూడవవారైన ఫ్రాన్సిస్కో రొద్రిగో కేథలిక్ యాక్షన్ అనే సామాన్య విశ్వాసుల సంస్థకు అధ్యక్షుడిగా పనిచేసినవారు. ‘నోలి’లో 170 చోట్ల, ‘ఫిలి’లో 50 చోట్ల విశ్వాసానికి భంగకరమైన మాటలున్నాయని వ్యతిరేకులు లెక్క చెప్పారు. చట్టం వస్తే కేథలిక్ పాఠశాలలు మూతపడతాయని, ఓటు వేసినవారికి తరువాతి ఎన్నికల్లో బుద్ధిచెబుతామని హెచ్చరికలు వెలువడ్డాయి. మూసివేస్తే ఆ పాఠశాలలను ప్రభుత్వమే తీసుకుంటుందన్న ధోరణిలో రెక్తో బదులిచ్చారు. నవలలను వ్యతిరేకిస్తూ బిషప్పులు రాసిన లేఖను పూజ సమయంలో చదువుతుండగా మనీలా మేయర్ అర్సెనియో లాక్సన్ లేచి చర్చి నుంచి బయటికి నడిచారు. ఆయన కూడా కేథలిక్కే. చివరకు లారెల్ ప్రతిపాదించిన సవరణ బిల్లును మే నెలలో సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది, జూన్ 12న అధ్యక్షుడు రామోన్ మగ్‌సైసై సంతకం చేశారు.

హక్కు ఎక్కడిదని అడిగారు. పౌరులను తయారుచేసే బాధ్యత ఉన్న ప్రభుత్వానికి, ఆ పౌరులు ఎలా పౌరులయ్యారో చెప్పే పుస్తకాన్ని వారి ముందుంచే హక్కు తప్పక ఉంటుంది. ఆ దేశపు విముక్తి కథలో మఠాల పాదిరీల పెత్తనం ప్రధాన భాగం. దానిని తీసేసి రిజాల్‌ను బోధించడమంటే విగ్రహానికి దండవేసి మనిషిని మరచిపోవడమే.

జవాబు 2: విశాఖపట్నం నుంచి ఒక విశ్వాసి

పై జవాబులోని వివరాలతో నాకు పేచీ లేదు. అయితే నేను కేథలిక్ కుటుంబంలో పుట్టి పెరిగినవాడిని, ఆ రెండు నవలలనూ ఇంగ్లీషులో పూర్తిగా చదివినవాడిని. వ్యతిరేకించినవారిని కేవలం ఛాందసులని పక్కన పెట్టేయడం న్యాయం కాదని చెప్పదలచుకున్నాను.

‘నోలి’లో తాసియో అనే వృద్ధ జ్ఞాని పాపశుద్ధి లోకం గురించి మాట్లాడే అధ్యాయం ఉంది. మరణించినవారి ఆత్మలు స్వర్గానికి ముందు శుద్ధి పొందే స్థితి ఉందన్నది మా చర్చి బోధించే సిద్ధాంతం. దాని మూలాలనే ఆయన ప్రశ్నిస్తాడు. పాదిరీల అక్రమాలను విమర్శించడం వేరు, సిద్ధాంతాన్నే సందేహించడం వేరు. తండ్రి ఆత్మశాంతి కోసం ప్రతి నవంబరులోనూ ప్రార్థనలు చేయించే కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడికి ఆ అధ్యాయం చదవడం కష్టంగానే ఉంటుంది. ఆ కష్టాన్ని గుర్తించమని అడగడంలో తప్పులేదు. రొద్రిగో వాదన కూడా అదే: ఫిలిపినోలకు దేశం మీదా విశ్వాసం మీదా రెండు ప్రేమలున్నాయి, ఒకదానికోసం రెండోదాన్ని వదులుకొమ్మనరాదు.

అలాగని బిషప్పుల లేఖ సరైనదేనని నేను అనలేను. రిజాల్ ‘ఎల్ ఫిలిబుస్తెరిస్మో’ను ఎవరికి అంకితమిచ్చారో చూడండి. 1872 ఫిబ్రవరి 17న స్పానిష్ ప్రభుత్వం గొంతు బిగించి చంపిన గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గురు స్వదేశీ పాదిరీలకు. ఆ నవల చివరి పుటల్లో, విప్లవం పేరుతో అవినీతిని పెంచిన కథానాయకుడు సిమూన్ మరణశయ్య పక్కన కూర్చుని బాధకు అర్థం చెప్పేది ఫాదర్ ఫ్లోరెంతినో అనే ఫిలిపినో పాదిరి. మొత్తం నవలలో అంతటి గౌరవంతో తీర్చిన పాత్ర మరొకటి లేదు. 170 చోట్లను లెక్కపెట్టినవారు ఈ పుటలను కూడా అంతే శ్రద్ధగా చదివి, తమ విద్యార్థులకు తామే వివరించి ఉంటే, ఆ పుస్తకం చర్చికి శత్రువు చేతిలోని ఆయుధంలా కనిపించేది కాదు. నాకు బాధ కలిగించేది చట్టం గెలవడం కాదు. చర్చి తన చేతిలో ఉన్న వందలాది తరగతి గదుల్లో ఈ చర్చను తానే నడిపించగలిగి ఉండీ, భయాన్ని ఎంచుకోవడం.

జవాబు 3: న్యాయశాస్త్ర విద్యార్థి, హైదరాబాద్

ఉపాధ్యాయులవారి రెండో ప్రశ్నకు సమాధానం చట్టంలోనే ఉంది. దాని అధికారిక సంఖ్య రిపబ్లిక్ యాక్ట్ 1425.

మొదటి సెక్షన్ రెండు వేర్వేరు బాధ్యతలను విధిస్తుంది. ప్రభుత్వ, ప్రైవేటు విద్యాసంస్థలన్నింటిలో రిజాల్ జీవితం, రచనలు పాఠ్యాంశం కావాలన్నది మొదటిది. కాలేజీ కోర్సుల్లో రెండు నవలల మూల ప్రతులను గాని, కత్తిరింపులు లేని ప్రతులను గాని, వాటి ఇంగ్లీషు అనువాదాన్ని గాని ప్రధాన పాఠ్యగ్రంథాలుగా వాడాలన్నది రెండవది. మత విశ్వాసం కారణంగా అభ్యంతరం ఉన్న విద్యార్థి ప్రమాణపూర్వకంగా లిఖిత అఫిడవిట్ ఇస్తే, ఈ రెండో బాధ్యత నుంచి మాత్రం మినహాయింపు లభిస్తుంది. కోర్సు నుంచి మినహాయింపు లేదు. అంటే ఆ విద్యార్థి నవలలు చదవకుండా ఉండవచ్చు గాని, రిజాల్ ఎవరో, ఏం రాశారో, ఎందుకు ప్రాణాలిచ్చారో నేర్చుకోకుండా పట్టా పొందలేడు. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు మత సిద్ధాంతాలను చర్చించరాదన్న పాత నిబంధనను ఈ చట్టం మార్చదని నాలుగో సెక్షన్ స్పష్టం చేస్తుంది.

ఈ ఏర్పాటును చాలామంది రాజీగా చూస్తారు. నా దృష్టిలో ఇదే ఆ చట్టంలోని గొప్పతనం. పుస్తకంలో ఒక్క వాక్యాన్ని కూడా కోయకుండా, ఒక్క మనిషి మనస్సాక్షినీ నలిపేయకుండా ఉండే మార్గాన్ని వారు కనుగొన్నారు. సంస్థకు మినహాయింపు ఇవ్వలేదు, వ్యక్తికి ఇచ్చారు. చర్చి ఆధ్వర్యంలోని కాలేజీ మా యాజమాన్యానికి అభ్యంతరమని చెప్పి తప్పించుకోలేదు. చదవలేనని విద్యార్థి తానే ముందుకొచ్చి ప్రమాణం చేయాలి. పుస్తకాలు గ్రంథాలయంలో తగినన్ని ప్రతులతో ఉండాలన్నది రెండో సెక్షన్, కనుక ఆ విద్యార్థి రేపు మనసు మార్చుకుంటే చదువుకునే దారి కూడా తెరిచే ఉంటుంది.

ఆ రోజుల్లో ఇంతటి ఆలోచన మామూలు విషయం కాదు. అదే దేశంలో జెండా వందనం చేయబోమన్న యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవారి పిల్లలను పాఠశాల నుంచి తీసివేయడం సబబేనని 1959లో గెరోనా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును పక్కనపెట్టి ఆ పిల్లల పక్షాన నిలవడానికి కోర్టుకు 1993 దాకా, ఎబ్రాలినాగ్ కేసు దాకా పట్టింది. మన సుప్రీంకోర్టు 1986లో కేరళకు చెందిన ముగ్గురు పిల్లల విషయంలో, జాతీయగీతం పాడకపోయినా గౌరవంగా నిలబడితే చాలునని చెప్పిన బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు మీ తరగతిలో చర్చకు పనికొస్తుంది.

జవాబు 4: మనీలాలో చదువుకున్న తెలుగు డాక్టరు

మీ అక్కగారి అమ్మాయి చదువుతున్న కోర్సు నేనూ చదివాను. మొదట్లో ఇతర భారతీయ విద్యార్థుల్లాగే, వైద్యం చదవడానికి వచ్చిన మాకు ఇదెందుకని అనుకునేవాడిని. ఫిలిపినో సహాధ్యాయులకు మాత్రం ఆ పాత్రలన్నీ అప్పటికే పరిచయం. వారు హైస్కూలులో తొమ్మిదో తరగతిలో ‘నోలి’ని, పదో తరగతిలో ‘ఫిలి’ని ఫిలిపినో భాషా పాఠంగా చదివి వస్తారు. ‘నోలి’లో పిచ్చిదైపోయిన తల్లి ‘సిసా’ అనే పాత్ర పేరు చెబితే చాలు, తరగతిలో ఆ సన్నివేశాన్ని నటించి చూపేవారు కూడా ఉండేవారు.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన అంతా బాగుందనుకోవద్దు. 1994 డిసెంబరులో అధ్యక్షుడు ఫిదెల్ రామోస్ ఈ చట్టాన్ని పూర్తిగా అమలుచేయమని ప్రత్యేక ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే, అప్పటికి 38 ఏళ్లుగా ఎంత నిర్లక్ష్యం జరిగిందో ఆలోచించండి. నవలలను ఇంగ్లీషు, తగలోగ్, ఇతర ప్రధాన భాషల్లోకి అనువదించి, చౌక ప్రతులు అచ్చువేసి, గ్రామ సంఘాల ద్వారా అడిగినవారికి ఉచితంగా పంచాలని మూడో సెక్షన్ చెబుతుంది. దానికోసం చట్టంలోనే 3 లక్షల పెసోలు కేటాయించారు. నాకు అన్నింటికన్నా నచ్చిన సెక్షన్ అదే, ఆచరణలో అన్నింటికన్నా వెనుకబడింది కూడా అదేనని నా భావన. చాలా తరగతుల్లో విద్యార్థులు నవలకు బదులు సారాంశాలు చదివి పరీక్ష రాస్తారు. 1956లో అంతగా పోరాడి కాపాడుకున్న కత్తిరింపులు లేని ప్రతిని, మతం కాదు, సోమరితనం కత్తిరిస్తోంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. సంస్థకు కాక వ్యక్తికి మినహాయింపు అన్న మాట నా సందేహాన్ని చాలావరకు తీర్చింది. విశ్వాసిగారు చెప్పిన ఫాదర్ ఫ్లోరెంతినో గురించి నాకు తెలియదు. మా పదో తరగతి పిల్లలకు ఒక్క అధ్యాయం చదివి వినిపించాలంటే ఏది ఎంచుకోవాలి? ఏ అనువాదం మంచిది?

జవాబు 5: ఆసియా చరిత్ర పాఠకురాలు

చార్లెస్ డెర్బీషైర్ 1912లో చేసిన ఇంగ్లీషు అనువాదం కాపీరైటు గడువు తీరినది కనుక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. భాష కొంచెం పాతది. నేటి పాఠకులకు హెరాల్డ్ ఆగెన్‌బ్రామ్ అనువాదం సులువుగా ఉంటుంది.

అధ్యాయం విషయంలో నాకు సందేహమే లేదు. ‘నోలి’లో బడిపంతులు తన కష్టాలు చెప్పుకునే అధ్యాయం చదవండి. బడికి ఇల్లు లేక పాదిరి నివాసం కింది అంతస్తులో, ఆయన బండి నిలిపే చోటు పక్కనే పిల్లలను కూర్చోబెడతాడు. పిల్లలు గట్టిగా చదివితే పైనున్న పాదిరికి నిద్రాభంగం, కేకలు. స్పానిష్ నేర్పబోతే, నీకెందుకు అరువు బట్టలు, నీ భాషతో సరిపెట్టుకో అని అందరి ముందూ ఎగతాళి. బెత్తం పక్కనపెట్టి పిల్లలకు నచ్చజెప్పి చదువు చెబితే, కొట్టకపోతే చదువెలా వస్తుందని పాదిరితో పాటు తల్లిదండ్రులూ నిలదీస్తారు. చివరకు మళ్లీ బెత్తం పట్టుకుంటాడు. ఇదంతా అతను చెబుతున్నది ఇబార్రాకు, ఆ తండ్రి శవాన్ని పడేసిన చెరువు ఒడ్డునే నిలబడి. ఆ బడికి కావలసినవీ, పిల్లలకు పుస్తకాలూ సమకూర్చిన మనిషి ఆ తండ్రి. మీ పిల్లలకు ముందు కాటికాపరి అధ్యాయం కథగా చెప్పి, ఆ తరువాత ఇది చదివి వినిపించండి.