మూత్రపిండాల జబ్బు ఉన్నవారి మోకాళ్ళ నొప్పికి ఆక్యుపంక్చర్ చేయించవచ్చా?

కవిటి కొబ్బరితోట:
అందరికీ నమస్కారం. మాది ఉద్దానంలో కవిటి మండలం. మా అమ్మకు 61 ఏళ్ళు. ఏళ్ళ తరబడి కింద కూర్చుని జీడిపిక్కలు ఒలిచే పని చేయడంతో మోకాళ్ళు అరిగిపోయాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి బిళ్ళలతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. రెండు నెలల కిందట రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే వ్యర్థం) 2.1 అని తేలాక, ఇకమీదట ఆ బిళ్ళలు ముట్టవద్దని పెద్దాసుపత్రి డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి రాత్రిళ్ళు నిద్ర లేదు. శ్రీకాకుళంలో ఒక ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) కేంద్రం గురించి మా అప్ప, అంటే అక్క, విని వచ్చింది. ఇరవై సార్లు సూదులు పెట్టించుకుంటే మోకాళ్ళ నొప్పి పోతుందని, క్రియాటినిన్ కూడా దిగుతుందని, ఆపైన బీపీ మాత్ర మానేయవచ్చని అక్కడ చెప్పారట. డబ్బు మొత్తం ముందే కట్టాలట. ప్రభుత్వ గుర్తింపు ఉన్న వైద్యమని బోర్డు మీద కూడా రాసి ఉందట. మా బావగారు వద్దంటున్నారు. మందు లేని సూది నొప్పిని ఎలా తగ్గిస్తుందో నాకు తెలియడం లేదు. తెలిసినవారు చెప్పండి.

నాగావళి ఒడ్డు:
అమ్మగారి బాధ అర్థమైంది. మన ప్రాంతంలో సూది అనగానే సూదిమందే గుర్తుకు వస్తుంది కాబట్టి ముందు ఆ తేడా చెబుతాను. సూదిమందు సూది గొట్టంలా లోపల బోలుగా ఉంటుంది. ఆక్యుపంక్చర్ సూది బోలు లేని సన్నని స్టీలు తీగ, దాని మందం సాధారణంగా మిల్లీమీటరులో పావు వంతుకు అటూ ఇటూ ఉంటుంది. గుచ్చి ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు ఉంచి తీసేస్తారు. గుచ్చినచోట మంట కంటే ఎక్కువగా బరువు, తిమ్మిరి, లోపలికి లాగుతున్నట్టుండే ఒక నొప్పి తెలుస్తాయి.

చైనా సంప్రదాయం ప్రకారం శరీరంలో ‘చీ’ అనే ప్రాణశక్తి 14 ప్రధాన మార్గాల్లో ప్రవహిస్తుంది, వాటి మీద 361 బిందువులు ఉన్నాయి. ఆ మార్గాలను ఉన్నవి ఉన్నట్టు నమ్మమని నేను చెప్పను, ఎందుకంటే శరీరాన్ని కోసి చూసినవారెవరికీ అవి కనబడలేదు. అయితే సూది కండరంలోని నరాలను కదిలించినప్పుడు వెన్నుపాము, మెదడు నొప్పిని అణచే ఎండార్ఫిన్లను విడుదల చేస్తాయనే వివరణకు ప్రయోగాల ఆధారం ఉంది. ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే నాలాక్సోన్ అనే మందు ఇస్తే, సూదుల వల్ల కలిగిన ఉపశమనం తగ్గిపోవడాన్ని 1970ల ప్రయోగాలలోనే గమనించారు.

ఈ వైద్యం మన దేశానికి వచ్చిన దారి కూడా చెప్పుకోదగ్గదే. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బి.కె. బసు దీన్ని నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. ఆయన అల్లోపతి వైద్యులే.

నాకు ఏళ్ళుగా తలను పట్టీ బిగించినట్టుండే నొప్పి ఉండేది. పది విడతల తరువాత నెలకు పన్నెండు రోజులు వచ్చేది మూడు నాలుగు రోజులకు తగ్గింది. నొప్పి వరకైతే తప్పక ప్రయత్నించండి.

బొబ్బిలి వీణ:
నాగావళిగారి అనుభవాన్ని నేను తోసిపుచ్చను, కాని నొప్పి దానంతటదే పెరిగి తగ్గే గుణం కలది. భరించలేనంత పెరిగినప్పుడే మనం కొత్త వైద్యానికి వెళతాం కాబట్టి, ఆ తరువాత ఏది చేసినా తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే పోల్చి చూసే పరీక్షలు కావాలి.

మోకాళ్ళ అరుగుదల మీద అలాంటి పెద్ద పరీక్ష జర్మనీలో జరిగింది, ఫలితాలు 2006లో వెలువడ్డాయి. దాదాపు వెయ్యి మంది రోగులను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు శాస్త్ర ప్రకారం సూదులు పెట్టారు. రెండవ గుంపుకు బిందువులు కానిచోట పైపైన గుచ్చి, అసలు వైద్యమేనన్న భావన కలిగించారు. మూడవ గుంపుకు మామూలు వైద్యం ఇచ్చారు. ఆరు నెలల తరువాత మెరుగుపడినవారు మొదటి గుంపులో సుమారు 53 శాతం, రెండవ గుంపులో 51 శాతం, మూడవ గుంపులో 29 శాతం. ఎక్కడ గుచ్చినా ఒకటే అయినప్పుడు 361 బిందువుల శాస్త్రానికి అర్థమేమిటి? మనిషికి ఉపశమనం ఇచ్చింది సూదా, లేక అరగంట పాటు దక్కిన శ్రద్ధా, నమ్మకమా? బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ, కీళ్ళ అరుగుదలకు ఆక్యుపంక్చర్ ఇవ్వవద్దని 2022లో స్పష్టంగా చెప్పింది.

ఇక బోర్డు సంగతి. కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించిన మాట నిజం. ఒక విధానాన్ని గుర్తించడం వేరు, ఆ బోర్డు కింద కూర్చున్న మనిషి చదువు వేరు, ఆయన చెప్పే ప్రతి జబ్బూ దానితో తగ్గుతుందని రుజువు కావడం వేరు.

నాగావళి ఒడ్డు:
వీణగారు చెప్పిన అంకెలు సరైనవే, కాని నాకు వాటిలో మరొకటి కనిపిస్తోంది. మూడవ గుంపు వారిని పట్టించుకోకుండా వదిలేయలేదు. వారు కూడా పదిసార్లు వైద్యుడిని కలిశారు, అవసరమైనప్పుడు నొప్పి తగ్గించే బిళ్ళలు వాడుకున్నారు. అంటే ఏ బిళ్ళలను అమ్మగారికి వద్దన్నారో, ఆ బిళ్ళల అండ ఉన్నవారి కంటే సూదులు పెట్టించుకున్నవారు ఎక్కువగా తేరుకున్నారు. బిందువు సరైనదా కాదా అన్నది పరిశోధకుడికి ముఖ్యం. రాత్రి నిద్రపట్టని ఆమెకు 29కీ 53కీ మధ్య తేడా ముఖ్యం. అమెరికాలోని కీళ్ళవ్యాధుల వైద్యుల సంఘం 2019లో మోకాళ్ళ అరుగుదలకు ఆక్యుపంక్చర్‌ను షరతులతో సిఫారసు చేసింది. అవే పరీక్షలను చూసి రెండు దేశాల నిపుణులు రెండు రకాలుగా చెప్పారంటే, ఇది తేలిపోయిన విషయం కాదన్నమాట.

బొబ్బిలి వీణ:
బిళ్ళలు వాడలేనివారి సంగతి వేరన్నది నేను ఆలోచించని కోణం, ఒప్పుకుంటున్నాను. అయినా మూడవ గుంపులో ఉన్నవారికి తమకు కొత్త వైద్యం దక్కలేదని తెలుసు, అప్పటికే పనిచేయని వైద్యమే మళ్ళీ దొరికిందన్న నిరాశ ఆ 29లో కలిసి ఉంటుంది. పల్లెలో ఒక కుటుంబం డబ్బు కూడబెట్టి వెళ్ళేటప్పుడు, ఆ లాభంలో ఎక్కువ భాగం నమ్మకం వల్ల వచ్చేదే కావచ్చునని వారికి ముందే చెప్పాలి. చెప్పాక కూడా వెళతామంటే అది వారి ఇష్టం.

సిస్టర్, టెక్కలి:
నేను డయాలసిస్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. మోకాలి చర్చ ఎలా తేలినా, క్రియాటినిన్ దిగుతుందన్న మాటను మాత్రం దయచేసి నమ్మకండి. ఆ నొప్పి బిళ్ళలు మూత్రపిండంలోకి రక్తాన్ని తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలను తయారు కానివ్వవు, దాంతో రక్తప్రవాహం తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది. బిళ్ళలు మానేసిన కొన్ని వారాలకు అది కొంత దిగవచ్చు. ఎండలో పని చేసి నీళ్ళు తాగకుండా వచ్చిన రోజున ఎక్కువ, మరో రోజున తక్కువ చూపించడమూ ఉంది. సరిగ్గా ఆ సమయంలోనే సూదులు పెట్టించుకుంటే, ఆ ఘనత సూదులకు పోతుంది. జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది.

ఇలాంటి మాట విని బీపీ మాత్ర మానేసిన ఒకాయనను ఆయాసంతో మా దగ్గరికి తీసుకొచ్చిన రాత్రి నాకింకా గుర్తుంది. బీపీ అదుపులో ఉంచుకోవడమే మిగిలిన మూత్రపిండాన్ని కాపాడే మొదటి పని. సూదులకు వెళ్ళేటట్టయితే రక్తం పలచబడే మందులు వాడుతున్నారేమో డాక్టరుగారితో చూపించుకోండి. సూదుల పొట్లం మీ కళ్ళ ముందే విప్పాలి, వాడిన సూదిని పారేయాలి. ఒకరికి వాడినది మరొకరికి వాడితే హెపటైటిస్ బి వచ్చే ప్రమాదం ఉంది. రొమ్ము, వీపు, భుజాల మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. మోకాలి నొప్పికి అక్కడ గుచ్చవలసిన పని లేదు. ముందుముందు డయాలసిస్ అవసరమైతే ఫిస్ట్యులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలను కలిపి చేసే దారి) వేసేది ఎక్కువగా ఎడమ చేతికే, కాబట్టి ఆ చేతి జోలికి ఎవరినీ రానివ్వకండి.

విజయనగరం ఫిజియో:
రెండు పక్షాల వారూ వదిలేసిన సంగతి ఒకటుంది. తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది, దీనికి ఆధారాలు సూదుల కంటే గట్టివి. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు నిటారుగా చాచి ఐదు లెక్కపెట్టేదాకా నిలిపి దించమనండి. పూటకు పదిసార్లు చాలు. పిక్కలు ఒలవడం మానలేకపోతే కింద కాకుండా ఎత్తు పీట మీద కూర్చోవాలి. నొప్పికి పూసే జెల్లులలోనూ డాక్టరుగారు వద్దన్న ఆ బిళ్ళల జాతి మందే ఉండవచ్చు, అడగకుండా పూయవద్దు.

ఇరవై విడతలకు ముందే డబ్బు కట్టవద్దు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా నడుము నొప్పికి మొదట 90 రోజుల్లో 12 విడతలే ఇస్తుంది, మెరుగు కనిపిస్తేనే మరో 8. మీరు ఐదారింటితో చూడండి. మొదలుపెట్టే ముందు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, ఆగకుండా ఎంత దూరం నడుస్తున్నారో ఒక కాగితం మీద రాసుకుంటే, తగ్గిందా లేదా అన్నది ఎవరూ చెప్పనక్కర లేదు.

కవిటి కొబ్బరితోట:
అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అప్పకు, బావగారికి ఇదంతా చదివి వినిపించాను. నిన్న ఆ కేంద్రానికి ఫోను చేసి బీపీ మాత్ర మానేయవచ్చన్న మాటను కాగితం మీద రాసి ఇస్తారా అని అడిగితే ఇవ్వలేమన్నారు, కాబట్టి అక్కడికి వెళ్ళడం లేదు. మా మూత్రపిండాల డాక్టరుగారిని అడిగాను. మోకాళ్ళ వరకైతే అభ్యంతరం లేదని, ఎంబీబీఎస్ చదివి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నవారి దగ్గరికే వెళ్ళమని, ముందు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించమని చెప్పారు. అలాంటివారు విజయనగరంలో ఒకరున్నారట, విడతకు విడత డబ్బు తీసుకుంటారు. ఆరు విడతలకు ఒప్పుకున్నాం. కాలు చాచే వ్యాయామం ఇవాళ పొద్దున్నే మొదలైంది. రాత్రి అమ్మ నాలుగుసార్లు లేచింది, అది కాగితం మీద మొదటి వరుసలో రాశాను. ఎడమ చేతికి సూది వద్దని వెళ్ళిన వెంటనే చెబుతాను.