కోపెన్‌హాగన్‌లో మూడు రోజులు: మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మతో, తొమ్మిదేళ్ల పాపతో ఏది చూడాలి, ఏది వదలాలి?

రేవుగాలి
అందరికీ నమస్కారం. మేము జర్మనీలోని హాంబుర్గ్‌లో ఉంటాము. బందరు నుంచి మా అమ్మ వచ్చి నెల అయింది. సెప్టెంబరు మొదటి వారంలో శుక్రవారం రైలెక్కి సాయంత్రానికి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ చేరి, సోమవారం సాయంత్రం తిరిగి రావాలని అనుకుంటున్నాము. రైల్లో సుమారు 5 గంటలు పడుతుంది. అమ్మకు 68 ఏళ్లు. మెట్లు ఎక్కడం కష్టం, చదునైన దారిలో మాత్రం మెల్లగా నడవగలదు. శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. పాపకు తొమ్మిదేళ్లు. నేను రాసుకున్న జాబితాలో 22 చోట్లు ఉన్నాయి. ఏవి తప్పక చూడాలో ఎక్కడైనా దొరుకుతుంది. వెళ్లివచ్చినవారు ఏవి వదిలేయవచ్చో చెబితే నాకు ఎక్కువ మేలు.

ఉత్తరతీరం
నేను ఇక్కడే ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఊళ్లో ఏయే మ్యూజియాలు ఉన్నాయన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు నీటి మీదికి వెళ్లండి. కోపెన్‌హాగన్ అన్న పేరుకే వర్తకుల రేవు అని అర్థం. ఈ ఊరు రేవు చుట్టూ పెరిగింది కాబట్టి ఇళ్ల ముఖాలు, గోదాములు, రాజభవనం, కొత్త ఒపెరా భవనం అన్నీ నీటి వైపే చూస్తుంటాయి. వీధుల్లో తిరిగితే ముక్కలు ముక్కలుగా కనిపించే ఊరు, పడవలో కూర్చుంటే ఒక్కటిగా కనిపిస్తుంది.

దీనికి రెండు దారులున్నాయి. న్యూహావ్న్ అనే పాత రేవు కాలువ నుంచి గంటసేపు కాలువల్లో తిప్పే యాత్రా పడవ ఒకటి. అది వంతెనల కింద నుంచి ఎంత దగ్గరగా పోతుందంటే నిలబడితే తల తగులుతుంది, పిల్లలకు చాలా ఇష్టం. రెండోది, ఊరి వాళ్లు రోజూ ఎక్కే రేవు బస్సు. పేరు బస్సే గానీ అది పసుపు రంగు పడవ, 991, 992 నంబర్లతో తిరుగుతుంది. బస్సుకు, మెట్రోకు తీసుకున్న టికెట్టే దీనికీ చెల్లుతుంది. పెద్దవాళ్లతో పాటు వెళితే 12 ఏళ్లలోపు పిల్లలు ఇద్దరి వరకు టికెట్టు అక్కరలేదు. అమ్మగారికి ఎక్కడ అలసట అనిపిస్తే అక్కడ దీన్ని ఎక్కించండి. నా దృష్టిలో ఈ ఊళ్లో డబ్బుకు ఇంతకన్నా విలువైన ప్రయాణం లేదు.

సరిహద్దు దగ్గర తనిఖీలు ఉంటాయి, అమ్మగారి పాస్‌పోర్టు చేతికి అందేలా పెట్టుకోండి. ఇక్కడ చెల్లేది క్రోన్, యూరో కాదు. నగదు మార్చుకోవలసిన పని లేదు, అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు.

సంచిలో పటం
వదిలేయవలసినది అడిగారు కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను: ఆండర్సన్ కథలోని జలకన్య విగ్రహం. ఎత్తు 1.25 మీటర్లు. చుట్టూ ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం, ఎదుట రేవు యంత్రాలు. నేను అంత దూరం నడిచి వెళ్లి రెండు నిమిషాల్లో వెనుదిరిగాను.

ఎక్కవలసినది మాత్రం రౌండ్ టవర్. 1642లో పూర్తయింది. లోపల మెట్లకు బదులు గోపురం చుట్టూ ఏడున్నర చుట్లు తిరుగుతూ పైకి పోయే ఇటుకల వాలుదారి ఉంటుంది. 1716లో రష్యా చక్రవర్తి పీటర్ గుర్రం మీదే పైకి వెళ్లాడని చెబుతారు. చిట్టచివర మాత్రమే ఇరుకైన మెట్లు కొన్ని ఉంటాయి. మెట్లు వద్దనుకునే పెద్దలకు ఇదే సరైనది.

పెరుగన్నం
సంచిలో పటం గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. మా అత్తగారికీ మోకాళ్ల నొప్పే. ఆ వాలుదారి ఎక్కేటప్పుడు బాగానే ఉంది, దిగేటప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాలు దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది. పార్లమెంటు ఉన్న క్రిస్టియన్స్‌బోర్ భవనపు గోపురానికి లిఫ్టు ఉంది, ప్రవేశం ఉచితం. తనిఖీ వరుసలో కాస్త నిలబడాలి, అంతే. ఊరంతా అక్కడి నుంచి కనిపిస్తుంది.

ఇక తిండి. గుడ్డు తిననివారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. రై రొట్టె మీద రకరకాల పదార్థాలు పేర్చి ఇచ్చే స్మోర్రెబ్రోడ్‌లో బంగాళదుంపలది కూడా ఉంటుంది. చూడగానే శాకాహారమే అనిపిస్తుంది గానీ దాని మీద వేసే మయొనేజ్‌లో గుడ్డు ఉంటుంది. శాకాహారం అంటే సరిపోదు, గుడ్డు వద్దని విడిగా చెప్పండి. నోర్రెపోర్ట్ స్టేషన్ పక్కనే టోర్వెహాలెర్న్ అని రెండు గాజు మండపాల బజారు ఉంది, అక్కడ ఏమేమి కలిపారో అడిగి మరీ తినవచ్చు. నోర్రెబ్రో పేట వైపు ఫలాఫెల్ (శనగలతో చేసే వడల్లాంటివి) చవకగా దొరుకుతుంది.

ఒక చిన్న ఉపాయం. సూపర్ మార్కెట్లో టైక్‌మెల్క్ అని అట్టపెట్టెలో అమ్ముతారు. తోడుపెట్టిన పాలే, పులుపు తక్కువ. మేము వంటగది ఉన్న బస తీసుకుని రాత్రి అన్నం వండుకుని అందులో కలుపుకున్నాము. మా అత్తగారు మూడు రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నది ఆ పూటే. వంటగది లేని హోటల్ వైపు చూడకండి, వండుకోవడం వల్ల మిగిలే డబ్బు కూడా తక్కువేమీ కాదు.

చరిత్ర పుటలు
బందరు పేరు చూసి ఆగాను. అమ్మగారికి ఈ ప్రయాణం వేరే విధంగా కూడా నచ్చవచ్చు. డేనిష్ వారు 1620లో తమిళ తీరంలోని తరంగంబాడిలో స్థావరం పెట్టుకున్నారు, 1845లో ఆంగ్లేయులకు అమ్మేసేవరకు అది వారి చేతిలోనే ఉంది. 17వ శతాబ్దంలో మన మచిలీపట్నంలో కూడా వారికి వర్తక కేంద్రం ఉండేది. బందరు అన్నా రేవే, కోపెన్‌హాగన్ అన్నా రేవే. తరంగంబాడిలోని క్రైస్తవ మిషన్‌కు వచ్చిన మత ప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ 1728లో తెలుగుకు వ్యాకరణం కూడా రాశాడు.

ఊళ్లో క్రిస్టియన్స్‌హావ్న్ అనే పేట ఉంది. అక్కడ స్ట్రాండ్‌గేడ్ వీధిలో, నీటి ఒడ్డున అసియాటిస్క్ ప్లాడ్స్ అనే చోటు ఉంది. ఆసియా దేశాలతో వర్తకం చేసిన కంపెనీ పేరు మీదే ఆ పేరు వచ్చింది. 18వ శతాబ్దపు గోదాము ఇంకా నిలిచి ఉంది, ఇప్పుడు విదేశాంగ శాఖ ఆవరణలో భాగం. యాత్రా పుస్తకాల్లో దీని గురించి పెద్దగా రాయరు. దారి చదునుగా ఉంటుంది, నాలుగడుగులు వేసి కాలువ ఒడ్డున కూర్చోవచ్చు.

సంచిలో పటం
దిగేటప్పటి నొప్పి సంగతి నాకు తట్టలేదు, పెరుగన్నం గారు చెప్పింది నిజం. అమ్మగారి వరకు నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

ఉత్తరతీరం
ఒక హెచ్చరిక మరిచాను. ఇక్కడ సైకిళ్లకు విడిగా దారి ఉంటుంది, కాలిబాటకు ఒక్క గట్టు తేడా అంతే. ఉదయం ఎనిమిదింటికి అందులో వరద వచ్చినట్టు సైకిళ్లు వస్తాయి. బస్సు దిగగానే అమ్మగారి చెయ్యి పట్టుకోండి. ముందు పోయే వ్యక్తి చెయ్యి పైకెత్తితే ఆగబోతున్నాడని అర్థం.

ఇంకొకటి, గాలి. సెప్టెంబరు ఎండ చూసి మోసపోకండి. గొడుగు పనికిరాదు, చెవులు కప్పే టోపీ ఉన్న, గాలి ఆపే కోటు తీసుకురండి. సోమవారం చాలా మ్యూజియాలు మూసి ఉంటాయి, టివోలీ అనే వినోదాల తోట ఆ రోజుకు ఉంచుకోవచ్చు. స్టేషన్ ఎదురుగానే ఉంది.

రేవుగాలి
వెళ్లివచ్చాము. సలహా ఇచ్చినవారందరికీ చెప్పుకోవలసిన బాకీ ఉంది.

22 చోట్లలో ఏడే చూశాము. శనివారం రేవు బస్సులో రెండుసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లాము. రెండోసారి అమ్మే అడిగింది. నగరం నడిమధ్య రేవు నీళ్లలో జనం ఈత కొడుతుంటే, "ఓడలు తిరిగే నీళ్లలో ఇంత తేటగానా?" అని చాలాసేపు అటే చూసింది. క్రిస్టియన్స్‌బోర్ గోపురానికి లిఫ్టులో వెళ్లాము. రౌండ్ టవర్ నేను, పాప మాత్రమే ఎక్కాము. అప్పుడు అమ్మ దగ్గర్లోని రాజుగారి తోటలో బల్ల మీద కూర్చుని, చలికి కొంగు బిగించుకుని, గులాబీల పాదులు చూసుకుంటూ ఉంది.

ఆదివారం పొద్దున వాన, గాలి. ఊరి బయటున్న హెల్సింగోర్ కోట ప్రయాణం మానుకున్నాము, బాధపడలేదు. మెట్రోకు డ్రైవరు ఉండడు కాబట్టి ముందు అద్దం దగ్గరే కూర్చోవచ్చు. పాప ఆ సీటు కోసం మూడు రైళ్లు వదిలేసి, సొరంగం తన మీదికి వస్తున్నట్టు చూస్తూ విమానాశ్రయం దాకా పోయి వచ్చింది. టివోలీలో 1914 నాటి చెక్క రోలర్ కోస్టర్ మీద ఇప్పటికీ ఒక మనిషి కూర్చుని బ్రేకు వేస్తాడు. ఇంటికొచ్చాక పాప గీసిన బొమ్మల్లో ఎక్కువ అతనివే.

జలకన్య దగ్గరికి కూడా వెళ్లాము, సంచిలో పటం గారు మన్నించాలి. నక్షత్రం ఆకారంలో ఉన్న కాస్టెల్లెట్ కోట మీదుగా, గాలిమర పక్కనుంచి నడిచి వెళితే ఆ దారే బాగుంది. కథ తెలిసిన పాప కాసేపు చూసి, "చిన్నగా ఉంది కాబట్టే ఒంటరిగా ఉన్నట్టుంది" అంది. 1913 నుంచి ఆ రాయి మీద అలా కూర్చుని ఉన్న బొమ్మ గురించి నేను చదివిన ఏ వర్ణన కన్నా నాకు ఆ మాటే గుర్తుంటుంది.

చివరి రోజు అసియాటిస్క్ ప్లాడ్స్. చూడటానికి పెద్దగా ఏమీ లేదు, పాత గోదాము, రాళ్లు పరిచిన ఒడ్డు, కట్టిన పడవలు. మచిలీపట్నం సంగతి చెప్పగానే అమ్మ కర్ర గోడకు ఆనించి కూర్చుంది. వాళ్ల నాన్న చిన్నప్పుడు రేవులో ఓడలు ఆగేవని, వెళ్లిన ఓడ కోసం ఆరు నెలలు ఎదురు చూసేవారని చెప్పింది. ఈ మాటలు నాకు నలభై ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. రైలు టైము అవుతున్నా లేవలేదు. "ఇక్కడి నుంచి మన వైపు రావడానికి అప్పట్లో ఎన్నాళ్లు పట్టేదో" అని అడిగింది. నాకు తెలియలేదు. చరిత్ర పుటలు గారూ, మీకు తెలుసా?

చరిత్ర పుటలు
తొలి డేనిష్ యాత్రలోని ప్రధాన నౌకలు 1618 నవంబరులో ఈ రేవు నుంచే బయలుదేరి, ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి, 1620 మే నెలలో సింహళం చేరాయి. అంటే ఏడాదిన్నర. దారిలో చాలామంది చనిపోయారు. అమ్మగారికి చెప్పండి.